ఆగకుండా మోగిన కణం

మా అక్కని ల్యాబులో అందరూ సూదక్క అంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిషను ముందు కూర్చుని బట్టలు కుట్టేది నేను, సూదక్క అన్న పేరేమో తనకి. ఈ అన్యాయం గురించి నేను తనని చాలాసార్లు దెప్పాను. నీ సూది అందరికీ కనిపిస్తుంది కాబట్టి దానికి విలువ లేదులే అని నవ్వేసేది.

నిజంగానే తన సూది కనిపించదు. సన్నటి గాజు గొట్టాన్ని నడిమధ్య వేడిచేసి రెండువైపులా లాగితే, అది తెగినచోట మొన తేలుతుంది. ఆ మొనని మైక్రోస్కోపు కింద పెట్టి చూసినా చివర ఎక్కడ అయిపోయిందో తెలియదు. దాన్ని బతికున్న పురుగు మెదడులోకి దించి, లక్ష కణాల్లో ఒక్క నాడీకణాన్ని గుచ్చి, ఆ కణం చచ్చిపోకుండా పట్టుకుని కూర్చోవడం మా అక్క ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా చేసింది అదే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగిన వాళ్ళకి తీరిక లేదని చెప్పేది, అది అబద్ధం కూడా కాదు. నా భర్త పోయాక నేను నా మిషను పట్టుకుని తన దగ్గరికి వచ్చేశాను. వచ్చి పదిహేడేళ్ళయింది. ముందు గదిలో నా మిషను, వెనక గదిలో ఇద్దరి మంచాలు, మధ్యలో వంటిల్లు, పెరట్లో దండెం. ఇద్దరికీ చాలు.

వాళ్ళ ల్యాబులో పెంచేది పళ్ళతోటల్ని తొలిచే ఒక బూడిదరంగు రెక్కల పురుగు. ఆడపురుగు కొమ్మ మీద కదలకుండా కూర్చుని, తోక చివర నుంచి ఒక వాసన వదులుతుంది. ఎక్కడో దూరాన ఉన్న మగపురుగు దాన్ని పట్టుకుని వెతుక్కుంటూ వస్తుంది. మనుషులకి ఆ వాసన తెలియదు. సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నా ఖాళీ సీసా లాగే ఉంటుందట. ల్యాబులో దాన్ని ఎర అంటారు. పురుగుమందుల కంపెనీలు దాన్ని తయారుచేసి పంపితే, వీళ్ళు చుక్క చుక్కగా వాడుకుంటారు.

మగపురుగు దాన్ని ఎలా పట్టుకుంటుందో అక్క నాకు ఒకరోజు అన్నాలు తింటూ చెప్పింది. చెప్పడానికి నా దారపు ఉండలన్నీ కంచం చుట్టూ పేర్చింది. మగపురుగు మీసాలు దువ్వెనల్లా ఉంటాయి. ఆ పళ్ళ మీద వేలకొద్దీ వెంట్రుకలు, ఒక్కో వెంట్రుకకి ఒళ్ళంతా రంధ్రాలు. వాసన ఆ రంధ్రంలోంచి లోపలికి వెళ్తే, లోపలి తడిలో ఒక ప్రోటీన్ దాన్ని చెయ్యిపట్టుకుని నాడి దాకా దిగబెడుతుంది. ప్రతి వెంట్రుకలోనూ రెండో మూడో నాడులు. ఒకటి సొంత జాతి ఆడదాని వాసనకే పలుకుతుంది, ఇంకొకటి పక్క జాతి ఆడదాని వాసన తగిలితే వద్దని చెబుతుంది. ఒకే రకం నాడులన్నీ మెదడు ముందుభాగంలో ఒకే ముడిలోకి వచ్చి చేరతాయి. ఎర్ర దారాలన్నీ ఒక ముడి, నీలం దారాలన్నీ ఒక ముడి. ఆడవాసనకి ఉన్న ముడి అన్నిటికన్నా పెద్దది, అది మగపురుగుకే ఉంటుంది. అక్కడి నుంచి కొన్ని దారాలు నేర్చుకునే చోటికి పోతాయి, కొన్ని పుట్టుకతోనే అన్నీ తెలిసిన చోటికి పోతాయి, అక్కడి నుంచి కబురు రెక్కలకి దిగుతుంది.

"మగవాళ్ళ బుర్రంతా ఇంతేనన్నమాట," అన్నాను నేను.

అక్క నవ్వలేదు. ఇంతవరకూ సగమేనని, మిగతా సగం కోసమే తను బతుకుతున్నానని చెప్పింది. మా అక్క గొప్పలు చెప్పుకునే మనిషి కాదు, అందుకే ఆ మాట నాకు గుర్తుండిపోయింది.

ఆ మిగతా సగం ఇదీ. వాసన గాలిలో తాడులా సాగి ఉండదు. గాలి దాన్ని చింపి పీలికలు చేస్తుంది. మగపురుగుకి ఒక పీలిక తగులుతుంది, ఆపైన ఏమీ ఉండదు, మళ్ళీ ఎప్పుడో ఇంకో పీలిక. మధ్యలో ఏమీ లేనప్పుడు పురుగు ఆగిపోదు. కుడికీ ఎడమకీ ఊగుతూ వెతుకుతుంది. అంటే ఇప్పుడే తగిలింది, ఇక్కడే ఎక్కడో ఉంది అన్న సంగతిని దాని మెదడులో ఏదో ఒక కణం పట్టుకుని ఉండాలి. వాసన పోయాక కూడా ఆ కణం మోగుతూనే ఉండాలి. పట్టుపురుగులో అలాంటివి ఎవరో ఎప్పుడో చూశారట. వీళ్ళ పురుగులో ఎవరూ చూడలేదు. అక్క ఎనిమిదేళ్ళ కిందట ఒకటి పట్టుకుంది, మూడేళ్ళ కిందట ఇంకొకటి. రెండూ సూదిలోంచి రంగు ఎక్కించేలోపే చచ్చిపోయాయి కాబట్టి వాటి ఆకారం ఏమిటో ఎవరికీ తెలియలేదు. ల్యాబుని నడిపే పెద్దసారుకి ఒక నియమం ఉంది. ఒకటి పొరపాటు కావచ్చు, రెండు అదృష్టం కావచ్చు, మూడుసార్లు కనిపిస్తేనే బయటికి చెప్పాలి. ఆయన ఈ ఏడాది చివర రిటైరవుతాడు. ఆ తర్వాత ఆ గదిలో కంప్యూటర్లు పెడతారని, పురుగులు ఉండవని ఎప్పుడో తేలిపోయింది. మూడోది దొరకాలంటే ఈలోపే దొరకాలి.

మా ఇంటి విషయం కూడా చెప్పాలి. పురుగుల ల్యాబులో పనిచేసే వాళ్ళు సెంటు పూసుకోకూడదు, వాసన సబ్బు వాడకూడదు, వాసన నూనె రాసుకోకూడదు. మిగతావాళ్ళు ఇంటికెళ్ళాక ఎవరి ఇష్టం వాళ్ళది. మా అక్క అలా కాదు, పట్టిందంటే వదలదు. ఇంట్లోకే వాసన రానిచ్చేది కాదు. నేను వచ్చిన వారానికే నా పౌడరు డబ్బా పక్కింటికి పోయింది. ఒంటికీ బట్టలకీ అదే తెల్లటి మొద్దు సబ్బు, ఏ వాసనా లేనిది. ల్యాబు కోట్లని ఉతికించడానికి అక్కడే ఏర్పాటుంది. కానీ వాళ్ళు కొత్తగా తెచ్చిన సబ్బుపొడి ఘుమఘుమలాడుతోందని, అది పురుగుల్ని చెడగొడుతుందని అక్క పదకొండేళ్ళ కిందట తన కోట్లు ఇంటికి తెచ్చేసుకోవడం మొదలుపెట్టింది. మా చీరలు, జాకెట్లు, ఆ కోట్లు అన్నీ ఒకే బకెట్టులో నానేవి, ఒకే దండెం మీద ఆరేవి. ఉతికేది నేనే.

అలాంటి ఇంట్లో ఉంటున్నాం కాబట్టి మా ఇద్దరికీ ఒక సంగతి తెలియలేదు.

ఒకరోజు మధ్యాహ్నం నేను ఇస్త్రీ చేస్తూ, ఎవరో పిలిస్తే గుమ్మంలోకి వెళ్ళాను. మాటల్లో పడి ఇస్త్రీ పెట్టెని జాకెట్టు మీదే వదిలేశాను. అక్కకి ఆ రోజు సెలవు, బల్ల పక్కనే కూర్చుని పేపరు చదువుతోంది. నేను తిరిగొచ్చేసరికి గదంతా మాడు కంపు, జాకెట్టు వీపు మీద నల్లగా పెట్టె ఆకారం. అక్క పేజీ తిప్పుతోంది. నేను నోరు పారేసుకున్నాను. నా పనంటే నీకు లెక్కలేదని, పాలు పొంగి మాడినా పట్టదు, పెరుగు పులిసిపోయినా పట్టదు, ఇన్నేళ్ళుగా చూస్తున్నానని, పురుగుల మీద ఉన్న ధ్యాసలో నూరోవంతు ఇంటి మీద లేదని చడామడా తిట్టాను. అక్క ఆ జాకెట్టుని తీసుకుని ముక్కుకి ఆనించుకుంది. చాలాసేపు అలాగే ఆనించుకుని ఉంది. నేను వెక్కిరిస్తోందనుకుని ఇంకా తిట్టాను. ఆ తిట్లు ఇప్పుడు గుర్తొస్తే నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

చెయ్యి వణకడం అప్పటికే మొదలైందని తర్వాత తెలిసింది. మొదట ఎడమ బొటనవేలు. కూర్చున్నప్పుడు దాన్ని తొడ కింద పెట్టుకునేది. సూదిని దించడానికి చేతులతో పనిలేదు, దానికి సన్నటి మరచక్రాలున్నాయి, వణికినా ఫరవాలేదు. కానీ అంతకుముందు ఒక పని ఉంది. పురుగు మెదడు మీద ఉల్లిపొరకన్నా పల్చటి పొర ఉంటుంది. రెండు పట్టకార్లతో దాన్ని ఎత్తి, కింద మెదడు చిరగకుండా వలిచెయ్యాలి. అది చేత్తోనే చెయ్యాలి. అక్క చేతిలో మెదళ్ళు చిరిగిపోవడం మొదలైంది. రోజుకి నాలుగు పురుగులు పట్టుకుంటే నాలుగూ పాడయ్యేవి. ఎందుకని పెద్దసారు అడిగితే ఈ విడత పురుగులు నీరసంగా ఉన్నాయని చెప్పింది.

పురుగుల్ని పెంచే ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు. గొంగళిపురుగులకి మేత కలపడం, పెట్టెలు కడగడం, గూళ్ళలోంచి ఆడా మగా వేరుచెయ్యడం ఆయన పని. అక్క మాట విని ఆయన ఆ విడతనంతా పారేశాడు. పెట్టెలన్నీ మరిగే నీళ్ళతో కడిగి, కొత్త గుడ్లు తెప్పించి మళ్ళీ మొదటినుంచి పెంచాడు. ఆ పురుగులూ అక్క చేతిలో అలాగే చచ్చాయి. పెద్దసారు అందరి ముందూ ఆయన్ని మందలించాడు. ఈ సంగతి అక్క నాకు గిన్నెలు తుడుస్తూ చెప్పింది, చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు. వెళ్ళి నిజం చెప్పెయ్యమన్నాను. చెబితే కుర్చీ పోతుందంది. మా అక్క చెడ్డదని నేను అనను. ఆ రెండు నెలలూ మాత్రం చెడ్డపనే చేసింది.

డాక్టరు దగ్గరికి నేనే లాక్కెళ్ళాను. చేతులు చాచమన్నాడు, నడవమన్నాడు, కాగితం మీద చుట్లు గీయించాడు. తర్వాత వాసన ఎలా తెలుస్తోందని అడిగాడు.

"మా పనిలో వాసనతో అవసరం లేదండీ," అంది అక్క.

ఇరవై రెండేళ్ళు వాసన మీదే పనిచేసిన మనిషి అన్న మాట అది. తను చేసే పనేమిటో డాక్టరుకి తెలియదు కాబట్టి ఆయన నవ్వలేదు. నాకు తెలుసు, అయినా నవ్వు రాలేదు. ఆయన కళ్ళు మూసుకోమని చిన్న చిన్న సీసాలు ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టాడు. కాఫీపొడి, నిమ్మతొక్క, సబ్బు. అక్క అన్నిటికీ తల అడ్డంగా ఊపింది. పుదీనా తైలం పెడితే చల్లగా ఏదో తగిలిందని చెప్పింది, అదేమిటో చెప్పలేకపోయింది. ఇది పార్కిన్సన్ జబ్బని, చాలామందిలో చెయ్యి వణకడానికి ఎన్నో ఏళ్ళ ముందే వాసన పోతుందని డాక్టరు చెప్పాడు. ఎప్పుడు పోయిందో గుర్తుందా అని మా ఇద్దరినీ అడిగాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వాసనే లేని ఇంట్లో అది ఎప్పుడు పోయిందో ఎవరికి తెలుస్తుంది? మాత్రలతో చెయ్యి కొన్నాళ్ళు నిలుస్తుందట, తర్వాత తర్వాత మాత్రల పని తగ్గుతుందట. పోయిన వాసన మాత్రం రాదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని అక్క అంది. "మగపురుగుకి మీసాలు తీసేసినా చచ్చిపోదు. రెక్కలూ బాగుంటాయి, ఎగురుతుంది కూడా. ఎటు పోవాలో తెలియదు, అంతే."

మర్నాడు తను పెద్దసారుకీ బాబాయ్‌కీ ఇద్దరికీ నిజం చెప్పేసింది. బాబాయ్ మీ చేతులు బాగుండాలమ్మా అని మాత్రం అని వెళ్ళిపోయాడట. తిట్టినా బాగుండేదని అక్క ఏడ్చింది. పెద్దసారు కుర్చీ తీసెయ్యలేదు. ఏడాది చివరి దాకా నీదేనన్నాడు. కానీ పొర వలిచే చెయ్యి లేకపోతే కుర్చీ ఉండి ఏం లాభం? ల్యాబులో మిగతావాళ్ళు కంప్యూటర్ల మనుషులు, పట్టకారు పట్టుకోవడమే రాదు. మాత్ర వేసుకున్న గంటకి అక్క చేతులు నెమ్మదిస్తాయి, ఇంకో గంటన్నర గడిస్తే మళ్ళీ మొదలు. ఆ గంటన్నరలో కూడా పొర వలిచేంత స్థిమితం రాదు.

అప్పుడు తన కళ్ళు నా చేతుల మీద పడ్డాయి. నేను పూసల పని కూడా చేస్తాను. జుట్టుపోగంత దారంతో ఆవగింజంత పూసని కుడతాను. అక్క చచ్చిన పురుగుల్ని చల్లటి డబ్బాలో పెట్టి ఇంటికి తేవడం మొదలుపెట్టింది. నా పూసల బల్ల మీది భూతద్దం కింద వాటి తల పెట్టి, పొర వలవమనేది. మొదటి నెల నేను పురుగు తలల్ని పిండి చేశాను. "బట్ట అనుకోకు. బట్ట నువ్వు చెప్పినట్టు వింటుంది, ఇది వినదు," అనేది. కుట్టాల్సిన బట్టలు పేరుకుపోయి, జనం గుమ్మంలో నిలబడి అడిగిపోయేవారు. నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. పట్టకార్లు విసిరికొట్టి లేచిపోయిన రోజులున్నాయి. మళ్ళీ వచ్చి కూర్చునేదాన్ని. మూడు నెలల్లో డెబ్బై పైచిలుకు తలలు అయ్యాక ఒకరోజు పొర చివరిదాకా ఒకే ముక్కగా వచ్చింది. కింద మెదడు తెల్లగా, ఒక్క గాటు లేకుండా ఉంది. అక్క భూతద్దంలోంచి చాలాసేపు చూసింది. నాకన్నా బాగా తీశావని చెప్పి వంటింట్లోకి వెళ్ళింది. నేను పొంగిపోయాను. కాసేపటికి వెళ్ళి చూస్తే, కొళాయి తిప్పి, కింద గిన్నె లేకుండా, ధార వైపు చూస్తూ నిలబడి ఉంది.

పెద్దసారు ఏదో కాగితం మీద నా చేత సంతకం పెట్టించుకుని నన్ను లోపలికి రానిచ్చాడు. గది మా వంటింటికన్నా చిన్నది. తలుపు పక్కన గోడలో గాలి లోపలికి వచ్చే జల్లెడ, ఎదురుగోడకి గాలిని బయటికి లాగేసే పంకా. గాలి ఎప్పుడూ తలుపు వైపు నుంచి బల్ల మీదుగా పంకా వైపుకే పోతుంది. బల్ల అంటే గాలి నింపిన ట్యూబుల మీద పరిచిన రాతిపలక. దాని మీద మైనంలో బిగించిన పురుగు తల, రెండు మీసాలూ తలుపు వైపుకి తిప్పి. అక్క కుర్చీ, పెద్దసారు కుర్చీ బల్లకి పంకా వైపున. కణం ఎలా పలుకుతోందో స్పీకరులో వినిపిస్తుంది. అక్క కళ్ళతో చూసి కాదు, చెవులతో విని కణాలని గుర్తుపడుతుందని పెద్దసారు నాతో చెప్పాడు, తన గురించి ఆయన అంత గర్వంగా మాట్లాడతాడని నాకు అప్పటిదాకా తెలియదు.

తొమ్మిది రోజులు వెళ్ళాం. నా పొరలు బాగానే వచ్చేవి, కణమే దొరికేది కాదు. దొరికినవి మామూలువి, ఎర ఊదితే మోగి, ఊదడం ఆపితే ఆగిపోయేవి. పదో రోజు తొమ్మిదింటికి అక్క మాత్ర వేసుకుంది. పది దాటాక నేను పొర వలిచేసి, పంకా దగ్గరి స్టూలు మీదకి వెళ్ళి కూర్చున్నాను. అక్క చక్రం తిప్పుతూ సూదిని దించింది. పదిన్నర ప్రాంతంలో స్పీకరులో టప్, టప్ అని నెమ్మదిగా ఒక చప్పుడు మొదలైంది. అక్క వేలెత్తింది. ఎర ఉన్న రబ్బరు బుడ్డి బల్లకి తలుపు వైపున ఉంటుంది. తన చేతిని నమ్మక అక్క నన్ను పిలిచింది. ఒక్కసారి నొక్కి చెయ్యి అక్కడే ఉంచమంది, వెంటనే తీస్తే బల్ల కదిలి సూది జారిపోతుందని.

నొక్కాను. నా మిషనుని పూర్తి వేగంతో తొక్కితే ఎలా ఉంటుందో అలా మోగింది ఆ కణం. ఊదడం అయిపోయింది. అది ఆగలేదు. పెద్దసారు గోడ గడియారం చూస్తున్నాడు. పాత రెండూ నలభై సెకన్ల చొప్పున మోగాయట. ఇది నిమిషం దాటింది, రెండు దాటింది. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. మూడు నెలల డెబ్బై తలలూ, నేను తిట్టిన తిట్లూ అన్నీ తీరిపోయాయనిపించింది.

"రంగు ఎక్కించమ్మా," అన్నాడు ఆయన మెల్లగా.

అక్క వేలు రంగు మీట మీద ఉంది. నొక్కలేదు.

"ఇంతసేపు మోగకూడదు సార్," అంది. తర్వాత నాతో చెయ్యి తీసి పంకా దగ్గరికి వెళ్ళమంది. వెళ్ళాను. ఆరేడు సెకన్లలో చప్పుడు పలచబడి ఆగిపోయింది. మళ్ళీ బుడ్డి దగ్గరికి రమ్మంది, కానీ బుడ్డిని ముట్టుకోవద్దంది. వచ్చి ఊరికే నిలబడ్డాను. ఎవరూ ఏమీ ఊదలేదు. కణం మోగడం మొదలుపెట్టింది.

నాకు అర్థం కాలేదు. పెద్దసారుకి అర్థమైంది, ఆయన కుర్చీలో కూలబడ్డాడు. అక్క మైక్రోస్కోపు నుంచి తల తిప్పి నా జాకెట్టు చేతి వైపు చూసింది.

"మనం కోట్లు ఇంట్లో ఉతకడం మొదలుపెట్టి ఎన్నేళ్ళయింది?"

పదకొండని చెప్పాను. చెబుతుండగానే నాకూ తెలిసింది. ఆ కోట్లకి పట్టిన ఎర బకెట్టులో నా బట్టలకి పట్టింది, తన బట్టలకి పట్టింది. పదకొండేళ్ళుగా మా ఒంటి మీదే ఉంది. మనుషుల ముక్కుకి తెలిసేది కాదు. ఉతికితే పోయేదీ కాదు. మామూలు కణాలు పలకనంత పిసరుకి ఇది పలికింది.

"మొదటిది దొరికి ఎనిమిదేళ్ళు," అంది అక్క. "ఊదాక నేను కూడా చెయ్యి అక్కడే ఉంచేదాన్ని సార్. అది నలభై సెకన్లు గుర్తుపెట్టుకోలేదు. కదపకుండా నేను చెయ్యి ఉంచగలిగింది నలభై సెకన్లు."

ఒక్క పురుగుని చూసి అంత మాట అనొద్దని పెద్దసారు అన్నాడు. ముందు రంగు ఎక్కించు, తర్వాత ఆలోచిద్దాం అని కూడా అన్నాడు. ఆయన గొంతు బతిమాలుతున్నట్టుంది. అక్క ఆయన నియమాన్నే ఆయనకి గుర్తుచేసింది, మూడుసార్లు చూడాలని. నన్ను గది బయటికి వెళ్ళి తలుపు వేసి, యాభై లెక్కపెట్టి లోపలికి రమ్మంది. వెళ్ళాను, వచ్చాను. నేను బయట ఉంటే ఆగిందట, లోపలికి వస్తే మోగింది. రెండోసారీ అంతే.

మూడోసారి తలుపు తీశాను, మళ్ళీ వేశాను, బయటికి వెళ్ళలేదు. తలుపుకి వీపు ఆనించి లోపలే నిలబడ్డాను. అక్క కళ్ళు మైక్రోస్కోపులో ఉన్నాయి, నాకు తన వీపే కనిపిస్తోంది. నేను చేసింది తప్పని నాకు తెలుసు. కానీ ఇంకో అరగంటలో తన చేతులు వణుకుతాయి, ఏడాది చివర గది పోతుంది, ఇరవై రెండేళ్ళలో తనకి మిగిలింది ఆ చప్పుడొక్కటే. అది ఆగకపోతే చాలు అనుకున్నాను. పెద్దసారు నన్ను చూశాడు. చూసి తల దించుకున్నాడు. కణం మోగుతూనే ఉంది. నేను మనసులో పది లెక్కపెట్టాను.

"చెల్లీ," అంది అక్క వెనక్కి తిరగకుండానే. "బయటికి వెళ్ళవే."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నిలబడేదాన్నేమో. వెళ్ళాను. వరండాలో గోడకి ఆనుకుని యాభై లెక్కపెట్టాను, వంద లెక్కపెట్టాను, లోపలికి పోకుండా అక్కడే ఉండిపోయాను. లోపల ఏం మోగుతోందో, ఏం ఆగిందో బయటికి వినిపించదు. జాకెట్టు చేతిని ముక్కుకి ఆనించుకుని గట్టిగా పీల్చాను. ఏమీ లేదు, ఉతికిన బట్ట.

చాలాసేపటికి తలుపు తీసుకుని అక్కే బయటికి వచ్చింది. ఎడమచెయ్యి అప్పటికే మొదలైంది. కుడిచేతిలో నోటుపుస్తకం తెరిచే ఉంది, పాత రెండు కణాల తేదీలూ అడ్డంగా కొట్టేసి ఉన్నాయి, గీతలు వంకరటింకరగా పోయాయి.

"మూడోసారి ఏడు సెకన్లకి ఆగింది," అంది. "నువ్వు లోపల నిలబడింది కూడా రాశాను. అది లేకపోతే లెక్క తప్పుతుంది."

నేను పుస్తకం అందుకున్నాను, తన చెయ్యి పట్టుకున్నాను. అది నా చేతిలో వణుకుతూనే ఉంది.